హైదరాబాద్ వీధుల్లో ఫోటోలు తీస్తుంటే జనం ఎందుకు మీద పడతారు? అప్పుడేం చెయ్యాలి?

అడిగినవారి సమస్య ఇదీ. కొత్తగా కెమెరా కొని, ఆదివారం పొద్దున సికింద్రాబాద్ వైపు ఒక కూరగాయల మార్కెట్‌కి వెళ్లారు. ఫోటోలు తీస్తుంటే ఇద్దరు ముగ్గురు చుట్టుముట్టి "ఎవర్నడిగి తీస్తున్నవ్?" అని నిలదీశారు. ఒకతను కెమెరా బెల్టు పట్టుకుని లాగాడు. అటుగా వచ్చిన కానిస్టేబుల్ కూడా పర్మిషన్ ఉండాలంటూ అన్నీ డిలీట్ చేయించాడు. ఇది చట్టం ఒప్పుకునే పనేనా, వీధి ఫోటోలు మానెయ్యాలా, చిన్న కెమెరాకో డ్రోన్‌కో మారితే నయమా అని అడుగుతున్నారు.

మానెయ్యక్కర్లేదు. బహిరంగ స్థలంలో ఫోటో తీయడం నేరం కాదు. దానికి ముందే అనుమతి తీసుకోవాలని చెప్పే సాధారణ చట్టం మన దగ్గర లేదు. మీ చేతిలోంచి కెమెరా లాక్కునే హక్కు దారిన పోయేవాళ్లెవరికీ లేదు. అయితే గుంపు మధ్యలో నిలబడి సెక్షన్లు చదివితే పని జరగదు, గొడవ పెరుగుతుంది. మిమ్మల్ని కాపాడేది కెమెరా పైకెత్తకముందు మీరు గడిపిన పది నిమిషాలే. నేను చాలా ఏళ్లుగా చేనేత సంఘాలకీ స్వచ్ఛంద సంస్థలకీ ఫోటోలు తీస్తున్నాను, ఖాళీ దొరికితే పాతబస్తీలో తిరుగుతాను. చెప్పేదంతా ఆ అనుభవంతోనే.

ముందు చట్టం సంగతి చూద్దాం.

రక్షణ శాఖ స్థలాల దగ్గర ఫోటో తీస్తే 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉంది, దానితో ఆటలొద్దు. స్త్రీల విషయంలో భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 354సీ. తననెవరూ చూడరన్న నమ్మకంతో ఆమె ఏకాంతంగా ఉన్నప్పుడు ఫోటో తీస్తే ఇది పడుతుంది. వద్దన్నా వెంటపడితే 78. అనుమతి లేకుండా శరీరంలోని గోప్యమైన భాగాలను తీస్తే ఐటీ చట్టం 66ఈ. మాల్, ఆస్పత్రి, గుడి లాంటి చోట్ల వాళ్ల నిబంధనే చెల్లుతుంది. తిరుమల ఆలయంలోకి ఫోన్ కూడా రానివ్వరని మీకు తెలిసిందే. చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖవి. అక్కడ చేత్తో పట్టుకుని తీసుకోవచ్చు, ట్రైపాడ్ వేయాలంటే మాత్రం అనుమతి ఉండాలి.

ఇంకో మాట. "రోడ్డు మీద ఉన్నారంటే ప్రైవసీ లేనట్టే" అని ఫోటోగ్రఫీ గ్రూపుల్లో తెగ రాస్తుంటారు. అది తప్పు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసు తీర్పులో సుప్రీంకోర్టు, బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన మనిషి తన గోప్యతను వదులుకున్నట్టు కాదని చెప్పింది. కాబట్టి ఎదుటివాళ్లు "నా ఫోటో వద్దు" అంటే అది చాదస్తం కాదు, దానికీ ఒక ఆధారం ఉంది.

కానిస్టేబుల్ విషయం: నేరంతో సంబంధం ఉందని అనుమానం వస్తే పోలీసులు వస్తువును స్వాధీనం చేసుకోవచ్చు (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్, 106వ సెక్షన్; పాత సీఆర్‌పీసీ 102). కానీ దాన్ని రాతపూర్వకంగా చెయ్యాలి, మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. డిలీట్ చెయ్యమనడం మాత్రం ఏ లెక్కనా కుదరదు. ఆ ఫోటో నేరమైతే అది సాక్ష్యం, చెరపకూడదు. నేరం కాకపోతే చెరపమనే అధికారమే లేదు. ఈ మాట గట్టిగా కాకుండా మర్యాదగా, "సార్, స్టేషన్‌కి వెళ్లి మాట్లాడదామా?" అని అడగండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు "సరే పోండి పోండి" అంటారు.

ఇక అసలు విషయం. జనం కోప్పడేది మీకంటే ముందు అదే చోటికి కెమెరాతో వచ్చి వెళ్లినవాణ్ని తలుచుకుని. వాడెవడో ముందు కనుక్కోవాలి. చోటు మారితే వాడు కూడా మారిపోతాడు.

ట్రాఫిక్ జంక్షన్‌లో నిలబడి కెమెరా ఎత్తి చూడండి. బండి వెనక కూర్చున్నవాడి చెయ్యి ఆటోమేటిక్‌గా నంబర్ ప్లేట్ మీదికి పోతుంది. హైదరాబాద్‌లో చలాన్ల కోసం పోలీసులు, హోంగార్డులు అలాగే నిలబడి ఫోటోలు తీస్తారు కాబట్టి మీరూ వాళ్ల మనిషే. ఇది నవ్వుకుని వదిలెయ్యొచ్చు.

మూసీ ఒడ్డున నవ్వుకోలేం. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చివేతల వార్తలు మోగుతున్న రోజుల్లోనే మూసీ పరీవాహకంలో సర్వే చేసి ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని, అంటే ఇల్లు నదీగర్భంలో ఉందని గుర్తు, రాసి వెళ్లారు. ఆ తర్వాత చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వైపు ఇరుకు గల్లీల్లో మెడలో కెమెరా వేసుకుని నడిచిన ఎవరైనా సర్వే మనిషే. "మా ఇల్లెందుకు తీస్తున్నరు?" అని అడిగే ఆవిడకి మీ లైటింగ్ గురించీ పాత గోడల రంగుల గురించీ చెబితే ఒళ్లు మండదా మరి! అక్కడ నేను ఇళ్ల ముందుభాగాలు తీయడం మానేశాను. మనుషులతో మాట్లాడి, వాళ్లు తీయమంటే మనుషులనే తీస్తాను.

పాతబస్తీలో ఫోటో అంటే పోలీసుల ఫోటో. కార్డన్ సెర్చ్ పేరుతో రాత్రిళ్లు బస్తీని చుట్టుముట్టి మనుషుల్నీ కాగితాల్నీ ఫోటోలు తీసిన అనుభవం అక్కడివాళ్లకి ఉంది. 2021 లాక్‌డౌన్‌లో రోడ్డు మీద మాస్కు తీయమని పోలీసులు తన ఫోటో తీశారని ఒక సామాజిక కార్యకర్త, ముఖాలు గుర్తుపట్టే టెక్నాలజీ వాడకం మీద తెలంగాణ హైకోర్టుకే వెళ్లారు. లాడ్ బజార్ వెనక లక్క గాజులు చేసే ఇళ్లకి వెళితే ఈ జాగ్రత్త బాగా కనిపిస్తుంది. బొగ్గుల కుంపటి మీద లక్కని మెత్తబరిచి, గుండ్రంగా చుట్టి, అది చల్లారేలోపు ఒక్కో రాయీ అద్దాలి. కన్ను తిప్పే వ్యవధి ఉండదు. ఒకావిడ కన్ను తిప్పకుండానే నన్ను "ఫోటో కైకూ?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే పక్కావిడ "ఆధార్ కావాలా ఏంది?" అంది. వాళ్ల ఇంట్లో ఫోటోకి ఉన్న ఏకైక అర్థం అది, కాగితం కోసం ఎవరో తీసుకుపోయేది.

పోచంపల్లి, కొయ్యలగూడెం వైపు భయం వేరు, డిజైన్ పోతుందని. ఇక్కత్‌లో, అంటే దారానికి ముందే రంగులద్ది నేసే నేతలో, అసలు సొత్తు మగ్గం మీద కనిపించే చీర కాదు. గోడకి అంటించిన గ్రాఫ్ కాగితం. ఏ గడిలో ఏ రంగు పడాలో దాని మీద ఉంటుంది, ఆ లెక్క ప్రకారమే దారానికి చిటికి కడతారు, అంటే రంగు అంటకూడని చోట బిగించి కడతారు. ఆ కాగితం ఒక్క ఫోటోగా బయటికి పోతే నెల తిరక్కుండా అదే డిజైన్ ప్రింటు బట్ట మీద సగం ధరకి కూడా కాదు, అంతకన్నా తక్కువకి బజార్లో ఉంటుంది. నేను గడప దాటగానే ఒక పెద్దాయన మాట్లాడుతూనే గ్రాఫ్‌ని గోడ వైపు తిప్పేశాడు. మొహంలో ఏ మార్పూ లేదు, "కూసోండమ్మా" అని మంచినీళ్లు కూడా ఇప్పించాడు. తర్వాత నేనే చెప్పాను: ఆసు చట్రం మీద దారం పోసే చేతులు, రంగు తొట్లు, మీ మొహం తీస్తాను, గ్రాఫు తీయను, మగ్గం మీద సగం నేసిన చీర కూడా తీయను అని. ఆ సాయంత్రం ఇంకో రెండిళ్లకి ఆయనే వెంటబెట్టుకు తీసుకెళ్లాడు. ఏం తీయబోవడం లేదో ముందు చెప్పండి. ఏం తీస్తారో చెప్పడం కన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుంది.

విశాఖ వెళితే హార్బరు దగ్గర మర్యాదగానే "ఎవరండీ మీరు, ఏ ఊరు?" అని ఆరా తీస్తారు. తూర్పు నౌకాదళ కేంద్రం పక్కనే ఉంది. 2019 డిసెంబరులో ఆపరేషన్ డాల్ఫిన్ నోస్ పేరుతో గూఢచర్యం కేసులో నౌకాదళ సిబ్బందినే పట్టుకున్న ఊరు అది. అక్కడ లాంగ్ లెన్స్ సముద్రం వైపు తిప్పేటప్పుడు మీ ఫ్రేములో వెనక ఏముందో రెండుసార్లు చూసుకోండి. చేపల రేవులో వేలంపాట తీసుకోండి, బోట్లు తీసుకోండి, ఓడలు వద్దు.

అన్నిటికన్నా ప్రమాదమైనది పల్లెల్లో పిల్లల దొంగ అనే అనుమానం. దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లకి 2018 గుర్తుండాలి. ఆ ఏడాది మే నుంచి వాట్సాప్‌లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాల వదంతులు రెండు రాష్ట్రాల్లోనూ పాకాయి. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపి, డప్పు పాటలతో సహా అవి అబద్ధాలని చెప్పించాల్సి వచ్చింది. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో అదే మే నెలలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. జులై 13న హైదరాబాద్ నుంచి బీదర్ జిల్లాకి వెళ్లిన కుర్రాళ్లు దారిలో బడిపిల్లలకి చాక్లెట్లు ఇచ్చారు. వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్ వాళ్ల కారుకన్నా ముందు పక్క ఊరు చేరింది. ముర్కి దగ్గర గుంపు దాడిలో ఒకరు చనిపోయారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లని ఐదు చాట్లకి పరిమితం చేసింది. ఇలాంటి వదంతులు ఇప్పటికీ అప్పుడప్పుడూ లేస్తూనే ఉంటాయి.

అందుకే పెద్దవాళ్లు పక్కన లేకుండా పిల్లల ఫోటో తీయొద్దు, వాళ్లకి ఏమీ ఇవ్వొద్దు. పిల్లలే "అన్నా ఫోటో, అన్నా ఫోటో" అని మీద పడినా సరే. ఊళ్లోకి వెళ్లగానే ముందు హోటల్ దగ్గర ఆగండి. టీ తాగండి, కెమెరా బల్ల మీద పెట్టండి. "ఏం పని మీద వచ్చిన్రు?" అని వాళ్లే అడుగుతారు. ఆ జవాబు అరగంటలో ఊరంతా తిరిగి వస్తుంది. పంచాయతీ కార్యదర్శికి గానీ, ఆంధ్రలో అయితే సచివాలయంలో గానీ ఒక మాట చెప్పి వెళితే ఇంకా మంచిది.

ఇక్కడ నచ్చని నిజం ఒకటి చెప్పాలి. ఈ సలహాలు అందరికీ ఒకేలా పనిచేయవు. నేను తెలుగు మాట్లాడే నడివయసు ఆడదాన్ని. చీర కట్టుకుని వెళితే "టీచరా అమ్మా?" అంటారు. ఇదే కెమెరాతో, ఇదే గల్లీలో, తెలుగు రాని కుర్రాడు నిలబడితే వాడి మొదటి జవాబుకే జనం గొంతు మారిపోతుంది. గడ్డం, పేరు, యాస, చెప్పులు, అన్నీ లెక్కలోకి వస్తాయి. 2018లో దెబ్బలు తిన్నవాళ్లలో ఎక్కువమంది బయటివాళ్లు, భాష రానివాళ్లు, బిచ్చగాళ్లు. కాబట్టి మీకు ఆ ఊరి మాట రాకపోతే వచ్చినవాళ్లని వెంట తీసుకెళ్లండి. ధైర్యం సంగతి తర్వాత.

మార్కెట్లో ఏం చెయ్యాలి అంటారా. మీరు వెళ్లిన వేళే తప్పు వేళ. ఆదివారం పొద్దున బేరం మీద ఉన్నవాడికి మీరు అడ్డం. పైగా తూకం దగ్గర కెమెరా పెట్టారంటే తూనికల శాఖో, మున్సిపాలిటీయో, లేదా యూట్యూబ్‌లో "మోసం బట్టబయలు" అని పెట్టేవాడో అనుకుంటారు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో నేను విన్న మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, "ఏ ఛానెల్?" ఏ ఛానెలూ కాదంటే నమ్మరు. "నేనే తీసుకుంటున్నా, ఇష్టం కొద్దీ" అని చెప్పి వెంటనే స్క్రీన్ చూపించండి. బంతిపూల రాశి మీద పడ్డ ఎండ చూసి హమాలీ "మంచిగొచ్చింది" అన్నాడంటే మీ పని సగం అయిపోయినట్టే. గిరాకీ తగ్గాక పదకొండు దాటి వెళితే ఇంకా నయం, మాట్లాడే తీరిక వాళ్లకి ఉంటుంది.

ప్రింట్లు ఇవ్వండి. ఫోర్ బై సిక్స్ ప్రింటు ఖరీదెంత? ఒక టీ డబ్బులు. వాట్సాప్ చెయ్యమంటారు, చెయ్యండి, అయితే ఆడవాళ్ల ఫోటో అయితే వాళ్లంతట వాళ్లు నంబర్ ఇస్తే తప్ప మీరు అడగొద్దు. చాలాసార్లు కొడుకు నంబరే ఇస్తారు. రెండోసారి చేతిలో ప్రింటుతో వెళితే నిన్న నిలదీసినవాడే పక్క దుకాణానికి పరిచయం చేస్తాడు.

గొడవ మొదలైతే అరిచేవాడికి జవాబు చెప్పకండి. పక్కన దుకాణం గద్దె మీద ఒక పెద్దమనిషి చూస్తూ ఉంటాడు, ఎప్పుడూ ఉంటాడు. ఆయన వైపు తిరిగి "అన్నా, మీరొకసారి చూడండి" అని కెమెరా స్క్రీన్ చూపించండి. ఆయన "పోనీలే" అన్నాడంటే అరిచేవాడు కూడా తగ్గుతాడు. నలుగురు కాస్తా పదిమంది అవుతుంటే అక్కణ్నుంచి కదలండి, పరిగెత్తకండి. చెయ్యి చేసుకుంటే 112 కొట్టండి. ఫోన్ తీసి వాళ్లని వీడియో తీస్తూ "మీ మీద కేసు పెడతా" అనడం మాత్రం అగ్గి మీద నెయ్యి పొయ్యడమే. బండి మీద ప్రెస్ స్టిక్కర్ ఉంటే సరిపోతుందని కొందరు చెబుతారు. ప్రెస్ కానప్పుడు ప్రెస్ అనకండి, దొరికితే అదే పెద్ద కేసు.

డిలీట్ గురించి నా పద్ధతి: మీరు తీసిన మనిషే అడిగితే వాళ్ల కళ్ల ముందే తీసేయండి. సంబంధం లేనివాడు వచ్చి అందరి ఫోటోలూ తీసెయ్యమంటే నేను తీయను, అక్కణ్నుంచి వెళ్లిపోతాను. ఒంటరిగా ఉండి ప్రమాదం అనిపిస్తే తీసేస్తాను, ఏ ఫోటోకీ పళ్లు రాలగొట్టుకోనక్కర్లేదు. రెండు కార్డుల కెమెరాలో ఒకదాంట్లో చెరిపి రెండోదాంట్లో దాచుకోమని యూట్యూబ్‌లో చెప్పే చిట్కా ఒకటుంది. మాటిచ్చి అలా చేస్తే మీ తర్వాత ఆ గల్లీకి వెళ్లేవాడి బతుకు బస్టాండే.

కొన్నిచోట్ల మాత్రం జనం కోపమే న్యాయం. పార్కులో జంటల మీదికి మైకులతో పోయే ఛానెళ్లు ఉన్నంతకాలం అక్కడ లెన్స్ చూస్తే వాళ్లు మొహం దాచుకుంటారు, దాచుకోనివ్వండి. 2020 చివర్లో లోన్ యాప్‌లవాళ్లు ఫోటోలు మార్ఫింగ్ చేసి చుట్టాలందరికీ పంపితే తెలంగాణలో మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత "నా ఫోటో ఏం చేస్తారో" అని ఒక అమ్మాయి భయపడితే అతి అనడానికి నాకు నోరు రాదు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, రాజమండ్రికి కెమెరాలతో వెళ్లేవాళ్లు చాలామందే ఉంటారు. స్నానాల రేవులో ఆడవాళ్ల వైపు లెన్స్ పెట్టొద్దు. మీ ఉద్దేశం దీపాల మీదే ఉండొచ్చు, అవతలివాళ్లకి లెన్స్ ఎటుందో అదే కనిపిస్తుంది. ప్రమాదం జరిగిన చోట, శవం లేచే ఇంటి ముందు కూడా అంతే.

చిన్న కెమెరా మంచిదే. దూరం నుంచి 200 ఎంఎం లాంగ్ లెన్స్‌తో తీసేవాణ్ని నిఘా అనుకుంటారు. 28 గానీ 35 గానీ ఎంఎం లెన్స్ పెట్టుకుంటే దగ్గరికి వెళ్లక తప్పదు, దగ్గరికి వెళితే మాట్లాడక తప్పదు. ఫోన్‌తో అయితే అసలు ఎవరూ పట్టించుకోరు, అయితే చాటుగా తీస్తున్నట్టు దొరికితే ఫోన్‌కే ఎక్కువ దెబ్బలు. చొక్కా గుండీల దగ్గర పెట్టి చూడకుండా నొక్కే విద్యలు మానండి. పదిమంది కలిసి ఫోటోవాక్ పేరుతో ఒక ఇరుకు సందులోకి దూరడం కూడా మానండి, ఇద్దరు చాలు.

డ్రోన్ వద్దు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నది నిజమే. కానీ విమానయాన శాఖవాళ్ల ఆన్‌లైన్ డిజిటల్ స్కై మ్యాపులో రెడ్ జోన్ అయితే కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. నగరంలో బేగంపేట, హకీంపేట, సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టూ ఎగరేసే ఆలోచన చేసేముందు ఆ మ్యాపు తెరిచి చూడండి. అనుమతి ఉన్నా సరే, మేడ మీద బట్టలు ఆరేసుకునే ఇంటి మీదుగా అది పోతే, ఎవర్ని నిలదీయాలో తెలియక జనం మొత్తం బస్తీలో కొత్తగా కనిపించిన ప్రతివాణ్నీ పట్టుకుంటారు. ఆ డబ్బుతో ఒక 35 ఎంఎం లెన్స్, ఇంటి దగ్గరి స్టూడియోలో ఓ వంద ప్రింట్లు వస్తాయి.